అన్నయ్య కెమెరాను పరీక్షించి కొనడం తప్పా?

ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరం సారాంశం ఇది. ఆమె ఉద్యోగం చేస్తూనే సెలవు రోజుల్లో తెలిసినవారి వేడుకలకు ఫొటోలు తీస్తారు. ప్రస్తుతం ఆమె దగ్గర నికాన్ డి7200 కెమెరా, 18-140 జూమ్ లెన్సు, 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తుంది) ఉన్నాయి. వెలుతురు చాలని హాళ్లలో ఫొటోలు గరుకుగా వస్తున్నాయని, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు, అంటే వెలుతురును ఫొటోగా పట్టే సెన్సరు పెద్దదిగా ఉండే కెమెరాకు మారాలని చాలాకాలంగా అనుకుంటున్నారు. ఇంతలో ఆమె పెద్దమ్మగారి అబ్బాయి తన నికాన్ డి750 అమ్మకానికి పెడుతున్నానని, "బయటివాళ్లకైతే ఇంకా ఎక్కువ చెప్పేవాణ్ని, నువ్వు కాబట్టి ఈ ధర" అని, దానితో ముప్పై వేల ఫొటోలు కూడా తీసి ఉండనని చెప్పారు. ఈమె సరేనన్నారు. ఆ తరువాత, ఆయన ఎప్పుడో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన కుటుంబం ఫొటో ఒకటి కంప్యూటర్‌లో, ఫొటో లోపలి వివరాలు చూపించే ప్రోగ్రాముతో తెరిచి చూస్తే షట్టర్ కౌంట్ (కెమెరా షట్టరు అప్పటిదాకా ఎన్నిసార్లు పనిచేసిందో చెప్పే లెక్క) 1,12,000 దాటి కనిపించింది. అడుగుదామంటే తల్లి వారించారు. "తోడబుట్టినవాడిలాంటి వాణ్ని లెక్కలు అడుగుతావా?" అన్నారట.

రెండో చిక్కు అమ్మకం వైపు ఉంది. కొత్త కెమెరాకు డబ్బు సమకూరాలంటే పాత డి7200నూ రెండు లెన్సులనూ అమ్మాలి. కార్యాలయంలో ఈమె కంటే చిన్నవాడైన సహోద్యోగి ఒకరు కొంటానన్నారు. జూమ్ లెన్సు లోపల అంచున సన్నని దారపు పోగుల్లా ఫంగస్ కనిపిస్తోంది. ఒకసారి కెమెరా కింద పడితే లెన్సు బిగించే మౌంటును సర్వీసు సెంటరులో మార్పించారు. ఆ అబ్బాయి ఇవేవీ అడగలేదు. "మీరు వాడినదంటే ఇంక చూసేదేముంది అక్కా" అన్నాడు. "అడిగితే చెప్పు, అడక్కపోతే ఊరుకో" అని భర్త సలహా. అన్నయ్యను ఎలా అడగాలి, ఆ అబ్బాయికి చెప్పి తీరాలా, అసలు ఈ కెమెరా కొనవచ్చా అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ, ఉత్తరం నిండా కనిపిస్తున్నది మొహమాటం. అన్నయ్య దగ్గర అడగలేని మొహమాటం ఒకటి, ఆ అబ్బాయి దగ్గర చెప్పలేని మొహమాటం ఇంకొకటి. రెండింటికీ మందు ఒకటే అయినా, ముందుగా మిమ్మల్ని ఇంతగా కలవరపెట్టిన ఆ అంకె సంగతి చూద్దాం. దాని అర్థం సరిగా తెలిస్తే మీ అన్నయ్యతో మాట్లాడే తీరు కూడా మారుతుంది.

డి750 షట్టరును 1,50,000 సార్లు పనిచేయించి పరీక్షించామని నికాన్ ప్రకటించింది. అది ఆయుష్షు తీరే తేదీ కాదు. ఆ సంఖ్య దాటి ఎంతో దూరం వెళ్లిన షట్టర్లు ఉన్నాయి, అక్కడిదాకా రాకుండానే పాడైనవీ ఉన్నాయి. అయితే ధర నిర్ణయించుకునేటప్పుడు ముప్పై వేలకూ లక్షా పన్నెండు వేలకూ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. మొదటి లెక్క ప్రకారం పరీక్షించిన సంఖ్యలో అయిదో వంతు వాడినట్టు, రెండో లెక్క ప్రకారం దాదాపు నాలుగింట మూడు వంతులు వాడినట్టు. పైగా మీరు చూసిన అంకె ఆ ఫొటో తీసిన రోజుది. ఫొటో తేదీ ఒకసారి చూడండి. అప్పటినుంచి ఆ కెమెరా పనిచేస్తూనే ఉంటే ఇవాళ్టి లెక్క ఇంకా ఎక్కువ ఉంటుంది. అందుకే పాత ఫొటో మీద ఆధారపడకుండా, ఇప్పుడు కొత్తగా ఒక ఫొటో తీసి, కార్డులోంచి నేరుగా కంప్యూటర్‌లోకి ఎక్కించి చూడాలి. ఫోను సందేశాల ద్వారా పంపిన ఫొటోలో ఈ వివరాలు సాధారణంగా చెరిగిపోతాయి కాబట్టి అది పనికిరాదు. కెమెరాతో వీడియో ఎన్ని గంటలు తీశారన్నది కూడా ఈ అంకె చెప్పదు. దాన్ని ఆయన్నే అడగాలి.

ఇక మీ అన్నయ్య అబద్ధం చెప్పారా? ఆ నిర్ణయానికి అప్పుడే రావద్దని నా మనవి. ఈ కెమెరాలో ఫైలు సంఖ్య 9999 దాకా వెళ్లి మళ్లీ 0001 నుంచి మొదలవుతుంది. ఆ పేరు చూసి లెక్క వేసుకునేవారికి ఎన్ని చుట్లు తిరిగిందో గుర్తుండదు. డి750 సెకనుకు 6.5 ఫొటోలు తీయగలదు. పిల్లల ఆటలో, పక్షుల వెంటో వేలు పెట్టి నొక్కి ఉంచే అలవాటు ఉంటే ఒక్క సాయంత్రంలో వెయ్యి దాటడం పెద్ద విషయం కాదు. మేఘాలు కదలడమో పువ్వు విచ్చుకోవడమో ఫొటోలుగా తీసి వాటితో వీడియో కూర్చేవారికి, సెకనుకు 24 చొప్పున పది సెకన్ల ముక్కకే 240 ఫొటోలు కావాలి. దాచుకున్న ఫొటోలను గుర్తుపెట్టుకుని, చెరిపేసిన వాటిని మరిచిపోయి ముప్పై వేలని నిజాయితీగానే అనుకుని ఉండవచ్చు. కావాలనే తగ్గించి చెప్పి ఉండవచ్చు కూడా. ఈ రెండింటిలో ఏది నిజమో మీకు తెలిసే వీలు లేదు. ధర మాట్లాడుకోవడానికి అది తెలియాల్సిన అవసరమూ లేదు. కెమెరా స్థితి తెలిస్తే చాలు.

అందువల్ల తెలియనట్టు నటిస్తూ "అన్నయ్యా, ఎన్ని ఫొటోలు తీశావన్నావు?" అని మళ్లీ అడగవద్దు. ఆయన పాత మాటే చెబితే, ఆ తరువాత మీరు బయటపెట్టే అంకె ఆయనను దోషిగా నిలబెడుతుంది, ఆపైన ఇద్దరికీ వెనక్కి తగ్గే దారి ఉండదు. మీకు తెలిసింది మీరే ముందు చెప్పేయండి. "అన్నయ్యా, నాకు కెమెరా తీసుకోవాలనే ఉంది. నువ్వు ఇచ్చిన పాత ఫొటోలో షట్టర్ కౌంట్ లక్షా పన్నెండు వేలని చూపిస్తోంది. నువ్వు ముప్పై వేలన్నావు, నాకు లెక్క కుదరలేదు. ఒక పూట కెమెరా నా దగ్గర పెట్టుకుని అన్నీ చూస్తాను, ఆ తరువాత ధర మాట్లాడుకుందామా?" ఇంతే. పక్కన ఎవరూ లేనప్పుడు, ముఖ్యంగా మీ అమ్మగారు, పెద్దమ్మగారు లేనప్పుడు అడగండి. నలుగురి ముందు అడిగితే ఆయన సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఒంటరిగా అడిగితే "అవునా, అంత అయిందా" అని సర్దుకునే వెసులుబాటు ఉంటుంది.

మీ అమ్మగారి మాటలోని భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కుటుంబాల్లో డబ్బు మాటల వల్ల వచ్చిన ఎడం ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కానీ ఇప్పుడు అడగకుండా కొని, ఆరు నెలలకు షట్టరు పోతే ఏమవుతుందో కూడా ఆమెకు చెప్పండి. అప్పుడు మీరు నోరు మెదపకపోయినా ఆ బాధ ప్రతి కలయికలోనూ ఉంటుంది. ఆయనకు మీరు ఎందుకు ముభావంగా ఉన్నారో కూడా అర్థం కాదు.

ఆయన ఒప్పుకుని కెమెరా ఇచ్చారనుకుందాం. ఆ పూటను వృథా చేయవద్దు. తెల్లని గోడనో మబ్బుల్లేని ఆకాశాన్నో, ఫోకస్ కావాలనే చెదరగొట్టి, ఎఫ్ 16 దగ్గర ఒకటి, ఎఫ్ 22 దగ్గర ఒకటి తీయండి. ఫొటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి మూలమూలా చూడండి. మెత్తని బూడిదరంగు చుక్కలు సెన్సరు మీది దుమ్ము. శుభ్రం చేయిస్తే పోతాయి. శుభ్రం చేయించినా అదే చోట కదలకుండా ఉన్న గీత అయితే సెన్సరు ముందున్న గాజుకు దెబ్బ తగిలిందని అర్థం, అలాంటి కెమెరాను ఎంత చవగ్గా ఇచ్చినా వద్దనుకోవడం మంచిది. తరువాత అదే గోడను, పగటి వెలుతురులో, సెకనులో 4000వ వంతు వేగంతో వరసగా ఓ ఇరవై ఫొటోలు తీయండి. ఈ పరీక్షను చాలామంది చేయరు, మీ విషయంలో మాత్రం ఇదే అన్నిటికన్నా ముఖ్యం. షట్టరు తెరలు అలసిపోయి ఉంటే ఆ వేగం దగ్గర కొన్ని ఫొటోల్లో ఒక అంచున నల్లని పట్టీ పడుతుంది, లేదా పై భాగానికీ కింది భాగానికీ వెలుతురులో తేడా వస్తుంది. ఇరవైలో ఒక్కటి అలా వచ్చినా లెక్కలోకి తీసుకోవాల్సిందే. ట్యూబులైట్ల కింద ఈ పరీక్ష చేయకండి. ఆ దీపాల మినుకు వల్ల కూడా అలాంటి పట్టీలే పడి మిమ్మల్ని అనవసరంగా భయపెడతాయి.

లెన్సుకు మూత పెట్టి, ఎక్కువ ఐఎస్ఓలో (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అమరిక) అరనిమిషం ఫొటో తీస్తే మెరిసే రంగు చుక్కలు ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. కొన్ని ఉండటం మామూలే. రెండు కార్డు గుంతలూ, ప్రతి మీటా, ఫ్లాషు బిగించే చోటా చూడండి. అక్కడా బ్యాటరీ అరలోనూ తుప్పో పచ్చని మరకో ఉంటే లోపలికి నీరు చేరి ఉండవచ్చు. మెనూలో బ్యాటరీ సమాచారం తెరిస్తే దాని వయసు 0 నుంచి 4 వరకు అంకెగా చూపిస్తుంది. 4 అంటే ఇక మార్చాలని.

డి750 గురించి మరొక సంగతి అడగాలి. ఈ మోడల్ 2014లో వచ్చింది. తొలినాళ్ల కెమెరాలు కొన్నింటిలో బలమైన వెలుగు ఎదురైనప్పుడు వింత ప్రతిఫలనం పడుతోందని, తరువాత కొన్నింటిలో షట్టరు సరిగా పనిచేయక ఫొటోలో కొంత భాగం నీడ పడుతోందని నికాన్ స్వయంగా ప్రకటించి, ఆ క్రమసంఖ్యల కెమెరాలను ఉచితంగా బాగుచేసింది. మీ అన్నయ్య కెమెరా ఆ జాబితాలో ఉందా, బాగు చేయించారా, రసీదు ఉందా అని అడగండి. షట్టరు మార్పించి ఉంటే 1,12,000 అంకెకు అర్థమే మారిపోతుంది. అది మీకు మేలు చేసే విషయమూ కావచ్చు.

ఇవన్నీ అయ్యాక, సర్వీసు సెంటరుకు ఫోన్ చేసి ఈ మోడల్‌కు షట్టరు మార్చడానికి ఎంత అవుతుందో, విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయో కనుక్కోండి. బేరానికి మీ దగ్గర ఉండాల్సిన ఆధారం ఆ అంచనాయే. "నువ్వు తప్పు చెప్పావు కాబట్టి తగ్గించు" అన్న మాటకూ, "ముందు ముందు ఈ ఖర్చు నా మీద పడే అవకాశం ఉంది, అందులో కొంత ధరలో సర్దుదామా" అన్న మాటకూ చాలా తేడా ఉంది. ఆయన ససేమిరా అంటే, షట్టర్ కౌంట్ లక్ష దాటిన డి750లు బయట ఎంతకు అమ్ముడవుతున్నాయో చూడండి. ఆయన అడిగేది అంతకంటే ఎక్కువైతే "నా బడ్జెట్టుకు కుదరడం లేదన్నయ్యా" అని మర్యాదగా తప్పుకోవచ్చు. వాడిన కెమెరాలు అమ్మే దుకాణంలో కొంటే ధర కొంచెం ఎక్కువైనా కొన్ని నెలల హామీ దొరుకుతుంది, కుటుంబం మధ్యలోకి రాదు. లేదూ, బంధుత్వం కోసం కొంత నష్టం భరించి కొంటానంటే అదీ తప్పు కాదు. కానీ తెలిసి ఇష్టపడి ఇచ్చేదై ఉండాలి. తరువాత దాన్ని ఆయన ఖాతాలో బాకీగా రాసుకోకూడదు.

ఇక కొనవచ్చా లేదా అన్న ప్రశ్న. మీ ఉత్తరంలో దీన్ని చివర్లో ఒక్క వాక్యంలో అడిగారు గానీ, నేను దీనికే ఎక్కువ బరువు ఇస్తాను.

ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు 36×24 మిల్లీమీటర్లు. మీ డి7200 సెన్సరు సుమారు 23.5×15.6. వైశాల్యంలో తేడా రెండు రెట్లకు పైన. దానివల్ల ఇప్పుడు ఐఎస్ఓ 3200 దగ్గర మీకు కనిపించే గరుకు అక్కడ సుమారు 7000 దగ్గర కనిపిస్తుంది. లాభమే, కాదనను. అయితే మీ జూమ్ లెన్సు దూరపు కొసన ఎఫ్ 5.6 మాత్రమే తెరుచుకుంటుంది. అదే కెమెరాకు ఎఫ్ 2.8 జూమ్ పెడితే సెన్సరు మీద పడే వెలుతురు నాలుగు రెట్లు అవుతుంది, అంటే సెన్సరు మార్చడం వల్ల వచ్చేదానికన్నా ఎక్కువ లాభం లెన్సు మార్చడంలోనే ఉంది. నికాన్‌లోనే మీ సెన్సరు పరిమాణానికి తగిన 17-55 ఎఫ్ 2.8 లెన్సు ఉంది, వాడినది దొరుకుతుంది. మీ 35 ఎంఎం లెన్సును హాళ్లలో ఎంత తరచుగా వాడుతున్నారో మీరు రాయలేదు. ఎఫ్ 1.8 లెన్సు సంచిలో ఉండగా ఎఫ్ 5.6తో ఇబ్బంది పడుతుంటే ముందు అక్కడ మొదలుపెట్టండి.

డి750 కొన్నా మీ లెన్సులు దానికి బిగుస్తాయి గానీ, కెమెరా సెన్సరులో మధ్య భాగాన్నే వాడుకుని ఫొటోను కోటి పిక్సెళ్లకు కాస్త పైగా కుదిస్తుంది. రెండు కోట్ల నలభై లక్షల పిక్సెళ్ల కెమెరా కొని కోటితో సరిపెట్టుకోవాలి. కాబట్టి కెమెరా ధరకు లెన్సు ధర కలిపితేనే మీ అసలు ఖర్చు. 50 ఎంఎం ఎఫ్ 1.8 ఒకటి ముందు తీసుకుంటే, ఇప్పుడు 35 ఎంఎం చూపించే దృశ్యమే దాదాపుగా అక్కడ దొరుకుతుంది, బడ్జెట్టూ మరీ పెరగదు. జూమ్ కావాలంటే 24-120 ఎఫ్ 4 సరిపోవచ్చు. 24-70 ఎఫ్ 2.8 కోరుకుంటే దాని పాత రకమే 900 గ్రాములు. గంటల తరబడి నిలబడి తీసే మీలాంటివారికి మణికట్టు సంగతి కూడా లెక్కే. మీరు పోగొట్టుకునేవీ కొన్ని ఉన్నాయి. డి7200 సెకనులో 8000వ వంతు దాకా వెళుతుంది, డి750 4000వ వంతు దగ్గర ఆగుతుంది. రెండింటికీ 51 ఫోకస్ బిందువులే అయినా, డి750లో అవి మధ్యలో గుమికూడి ఉంటాయి; అంచున ఉన్న మొహం మీద ఫోకస్ పెట్టడం అలవాటైన చేతికి కొన్నాళ్లు చిరాకు తప్పదు. బ్యాటరీలు, కార్డులు మాత్రం అవే పనికొస్తాయి. బ్యాటరీ ఒకటి మీ దగ్గరే ఉంచుకోండి.

2018లో నికాన్ అద్దం లేని కెమెరాల కోసం జెడ్ మౌంటు తెచ్చిన నాటినుంచి కొత్త లెన్సులు ఎక్కువగా అటువైపే వెళుతున్నాయి. డి750 ఫొటోల నాణ్యత దానివల్ల తగ్గదు. మళ్లీ అమ్మే రోజున ధర మాత్రం ఇంకా పడిపోయి ఉంటుంది. నాలుగైదేళ్లు వాడాలనుకుంటేనే కొనండి.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. షట్టరు పరీక్షలో కెమెరా నెగ్గి, షట్టర్ కౌంట్ లక్ష దాటిన కెమెరాల స్థాయికి ధర దిగి, లెన్సుకు డబ్బు మిగిలితే కొనండి. ఈ మూడింటిలో ఏది తప్పినా డి7200నే ఉంచుకుని మంచి లెన్సు కొనుక్కోవడం మీకు ఎక్కువ మేలు చేస్తుంది.

ఆ అబ్బాయి సంగతికి వస్తే, మీ భర్తగారి మాటతో నేను ఏకీభవించలేను. అతను అడగకపోవడానికి కారణం మీరే; మీరు కాబట్టి చూడక్కర్లేదనుకున్నాడు. మీరు అన్నయ్య ముందు ఏ స్థితిలో ఉన్నారో, అతను మీ ముందు అదే స్థితిలో ఉన్నాడు, తేడా ఏమంటే అతని దగ్గర పెన్‌డ్రైవ్ లేదు. అలాగని చెప్పడం వల్ల బేరం చెడిపోతుందని భయపడనక్కర్లేదు. కింద పడి మౌంటు మారింది, సర్వీసు రసీదు ఉంది, ఆ తరువాత ఫోకస్ సరిగా ఉంది అని చెబితే అది నమ్మకం పెంచే మాటే. రసీదు చూపించి, అతని చేతే నాలుగు ఫొటోలు తీయించండి.

ఫంగస్ విషయంలో మీకు దారులు ఉన్నాయి. మొదలు దశలో ఉన్న పోగులు ఫొటోలో కనిపించవు. చీకటి గదిలో లెన్సు వెనకనుంచి టార్చి వేసి చూస్తేనే తెలుస్తుంది. తేమలో పెట్టెలో మూసి ఉంచితే అది పాకుతుంది, ఆలస్యమైతే గాజు మీది పూతను తినేస్తుంది, అప్పుడు శుభ్రం చేసినా మచ్చ పోదు. ఇప్పుడే శుభ్రం చేయించి రసీదుతో అమ్మితే ఖర్చు మీది, ధర దాదాపు నిలుస్తుంది. శుభ్రం చేయించకుండా, టార్చి వేసి చూపించి, ఆ ఖర్చు తగ్గించి ఇస్తే నిర్ణయం అతనిది. బాగుచేసే ఖర్చు లెన్సు విలువకు దగ్గరగా ఉంటే దాన్ని బేరంలోంచి తీసేసి కెమెరానూ 35 ఎంఎం లెన్సునూ మాత్రమే అమ్మండి. మాట్లాడకుండా ఊరుకుంటే మీకు ఇవాళ నాలుగు డబ్బులు ఎక్కువ వస్తాయి, కానీ ఏడాది తిరిగేలోపు ఆ పోగులు అతనికి కనిపిస్తాయి. అప్పటికి మీరిద్దరూ అదే కార్యాలయంలో, బహుశా పక్క పక్క బల్లల దగ్గరే ఉంటారు.

డబ్బు విషయంలో ఒక జాగ్రత్త. పాతది అమ్మితేగాని కొత్తది కొనలేనన్నారు. కానీ పరీక్షకు నిలవని కెమెరాను నమ్ముకుని ఒప్పుకున్న వేడుకకు వెళ్లకూడదు. మీ అన్నయ్యకు సగం ముందు ఇచ్చి, సగం నెల తరువాత ఇస్తానని అడగండి; బంధువుల దగ్గర కొనడంలో ఉన్న సౌలభ్యం ఇదే. ఆ నెలలో ఒకటి రెండు వేడుకలకు రెండు కెమెరాలూ తీసుకెళ్లండి. ఆ అబ్బాయికి కూడా ఆ గడువు ముందే చెప్పి, అంతదాకా బయానా ఏమీ తీసుకోవద్దు. అతనికి అప్పగించే రోజున కెమెరాలో మీరు నమోదు చేసిన పేరు, కాపీరైటు వివరాలు, వైఫై అమరికలు చెరిపి, రెండు కార్డులూ తీసుకుని, డబ్బా, బిల్లు, సర్వీసు రసీదు కలిపి ఇవ్వండి. ఆ రోజు షట్టర్ కౌంట్ ఎంతో అతనికే చూపించి, అమ్మకం కాగితం మీద క్రమసంఖ్య పక్కన రాసి, ఇద్దరూ సంతకం చేయండి.